మైకులో అక్క గొంతు

మా అక్క గొంతు బొంగురుపోయిందని ఊరంతటికీ తెలుసు. పద్నాలుగేళ్లుగా బస్‌స్టేషన్ మైకులో మాట్లాడేది ఆవిడే. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చెబుతూనే ఉండేది. రోజూ వేలమంది ఆ గొంతు విన్నారు. ఒక్కడైనా ఆలోచించాడా?

అందరి దగ్గరా కారణం తయారుగా ఉంది. "రోజంతా మైకు ముందు అరుస్తుంటే గొంతు పోదా మరి!" టికెట్ కౌంటర్లో కూర్చునే నేనూ అదే అన్నాను. పైగా దగ్గుబిళ్లలు కొనిచ్చి, ఏదో ఘనకార్యం చేసినట్టు మీసం తిప్పాను. ఆ బిళ్లలు గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

వీధి చివర డాక్టరు నోరు తెరవమని కూడా అనలేదు. "ఏం పని చేస్తారమ్మా?" అన్నాడు. అక్క చెప్పింది. "ఇంకేం, అదే మరి" అని సిరప్ రాసి పారేశాడు. రెండు నెలల తర్వాత వెళితే ఇంకా పెద్ద సీసా రాశాడు. "వారం రోజులు నోరు మూసుకో, అదే తగ్గుతుంది. నా చెవులకీ సుఖం" అని బావ వేళాకోళమాడాడు. అందరం పడీపడీ నవ్వాం.

బొంగురు మొదలైన ఆరో నెలలో, ముద్ద మింగుతుంటే చెవిలోకి పోటొస్తోందని అక్క చెప్పింది. అప్పటికి నాకు భయమేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. గొంతులోకి గొట్టం వేసి చూడాలన్నారు, ఎల్లుండే రమ్మన్నారు.

స్టేషన్ మేనేజరు సెలవు చీటీ చూసి తల అడ్డంగా ఊపాడు.

"నువ్వెళితే మైకులో ఎవరు మాట్లాడతారమ్మా? ముందు అన్నీ రికార్డు చేసిచ్చెయ్. తర్వాత ఎన్నాళ్లయినా తీసుకో, తొందరేముంది!"

రికార్డు చేసేవాడు ఇవాళా రేపూ అంటూ నెల తిప్పాడు. అక్క రోజూ వేణ్ణీళ్లు తాగి సిద్ధంగా కూర్చునేది. ఆ మేనేజరు బల్ల తిరగెయ్యాల్సింది నేను. "పోనీలేరా, గొడవెందుకు" అంది అక్క. విన్నాను, బుద్ధిలేక.

ఆ రికార్డేదో అయ్యాకే ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ గొట్టం బయటికి తీసి, "ఎన్నాళ్లుగా ఇలా ఉంది?" అంది.

"ఏడు నెలలు" అన్నాను.

"బొంగురు మూడు వారాలు దాటగానే రావాలి. అప్పుడే వచ్చుంటే గొంతు దక్కేది."

అక్క బతికింది. క్యాన్సరని స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు మెడ మీది రంధ్రానికి పల్చటి గుడ్డ కట్టుకుని, నా పక్కనే కూర్చుని టికెట్లిస్తుంది. ఏం చెప్పాలన్నా కాగితం మీద రాస్తుంది. మైకులో మాత్రం రోజూ ఆవిడ గొంతే, ఆ రికార్డే, ఆ బొంగురే.

మొన్న ఒక పెద్దాయన టికెట్ అందుకుంటూ పైనున్న స్పీకరు వైపు చూశాడు.

"ఎవరో గానీ, పాపం. ఆవిణ్ణి ఒకసారి మంచి డాక్టరుకి చూపించకపోయారా?"

ఆరు నెలలు మాలో ఎవరి నోటా రాని మాట. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, మా అందరి మీద.

అక్క పెన్ను పక్కన పెట్టింది. లేచి మైకు గదిలోకి వెళ్లి స్విచ్ ఆపేసింది. స్టేషనంతా ఒక్కసారిగా చప్పబడింది.

నిమిషం కాలేదు, మేనేజరు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు.

"మైకుకేమైంది? అలా చూస్తూ కూర్చుంటారేమయ్యా! వెంటనే ఎవరికైనా చూపించండి!"