అందరికీ ఇరవయ్యే

పదకొండేళ్ళు ఆయాగా చాకిరీ చేసిన ఆసుపత్రి నుంచి ఆమెను ఒక్క పూటలో వెళ్ళగొట్టింది హెడ్ నర్సు. చేసిన ఘోరం ఏమిటయ్యా అంటే, ఊపిరి లెక్కపెట్టడం. ఆమె పనిచేసే వార్డులో ఎవరి చార్టు చూసినా నిమిషానికి ఊపిరి ఇరవయ్యే. పసిపిల్లకూ ఇరవయ్యే, ఆయాసంతో మంచం పట్టె పట్టుకుని వేలాడే ముసలాయనకూ ఇరవయ్యే. ప్రాణం పోయినవాడికి కూడా అదే అంకె వేసేవారేమో గానీ, ఈలోగా ఎవరో దుప్పటి కప్పేసేవారు. ముసలాయనకు ముప్పై నాలుగుందని ఆయా నేరుగా డాక్టరుకే చెప్పింది. ముసలాయన బతికాడు, ఆమె ఉద్యోగం పోయింది.

"బెడ్‌పాన్లు కడిగేదానివి, నీకెందుకే లెక్కలు?" అంది హెడ్ నర్సు, నలుగురి ముందూ.

ఆ మాటకు ఆయా ఒళ్ళు మండిపోయింది. మండిపోయే నర్సింగ్ స్కూలుకు దరఖాస్తు పెట్టింది. "ముప్పై ఆరేళ్ళకి పలకా బలపమా వదినా?" అని ఆడపడుచు పకపకా నవ్వింది. వయసు లెక్కన ఆమెకు అదే ఆఖరి ఏడు. ఇప్పుడు సీటు రాకపోతే ఇంకెప్పటికీ రాదు.

తీరా సీటు కోసం ప్రాక్టికల్ పరీక్ష పెట్టింది ఆ వార్డులోనే. స్కూలు ప్రిన్సిపాల్ పక్క కుర్చీలో, మార్కులు వేయడానికి సాక్షాత్తూ ఆ హెడ్ నర్సే.

"మూడో మంచం. ఊపిరి లెక్కపెట్టి రాయి," అంది మూతి తిప్పుతూ.

మంచం మీద ఒక తాపీమేస్త్రీ. లెక్కపెడుతున్నారని తెలిస్తే ఎవరైనా బుద్ధిగా ఊపిరి తీస్తారు. అందుకే ఆమె అతని మణికట్టు పట్టుకుని, నాడి చూస్తున్నట్టు నటిస్తూ ఛాతీ మీదే కళ్ళుంచింది. పావు నిమిషానికే హెడ్ నర్సు ఆవులించింది. తన చేతి గడియారంలో నిమిషం నిండాక ఆయా ముప్పై రెండని రాసింది.

"తప్పు. ఇరవై. పొద్దున నేనే చూశాను," అని హెడ్ నర్సు సున్నా చుట్టింది.

ప్రిన్సిపాల్ చార్టులు తిరగేసింది. పన్నెండు మంచాలకూ పన్నెండు ఇరవైలు. లేచి తనే లెక్కపెట్టింది.

"ముప్పై మూడు."

"ఇప్పుడే పెరిగినట్టుందండీ," అని నసిగింది హెడ్ నర్సు.

ఎన్నాళ్ళ కసో ఆయా నాలుక చివరికొచ్చింది. కానీ మేస్త్రీ పెదవులు నీలంగా మారుతున్నాయి.

"మేడమ్, నా మార్కులు తర్వాత. ముందు డాక్టరుగారిని పిలవండి," అంటూ అతన్ని పైకి లేపి కూర్చోబెట్టింది.

డాక్టరు వచ్చి ఆక్సిజన్ పెట్టాడు. మేస్త్రీ తేరుకున్నాక ప్రిన్సిపాల్ సున్నా కొట్టేసి, ఆయా కాగితం మీద సీటు ఖాయమని రాసి సంతకం పెట్టింది. తర్వాత హెడ్ నర్సు వైపు తిరిగింది.

"మిగతా పదకొండు మంచాలూ ఇప్పుడే లెక్కపెట్టండి. నేను చూస్తుంటాను."

హెడ్ నర్సు చేతి గడియారానికి సెకన్ల ముల్లే లేదు. ఆయా తన గడియారం విప్పి ఇచ్చింది.

"మర్చిపోకుండా తిరిగివ్వండి సిస్టర్. సోమవారం నుంచి నాకు క్లాసులు."