మొదటి వరుసలో అమ్మ

రత్నావతి గారెలకి పప్పు రుబ్బుతుంటే ముందు గదిలో భర్త వెంకటరావు ఉపన్యాసం వల్లిస్తున్నాడు. మలయా స్వాతంత్ర్య దినం మెర్డెకాకి ఇంకా వారం ఉంది. ఆ రోజు కౌలాలంపూర్ తెలుగువాళ్ల సభలో అతను ఆఫ్రికా నాయకుడొకరి గురించి ఇంగ్లీషులో మాట్లాడబోతున్నాడు. ఆ నాయకుడు కవి కూడా. పాలించేవాడి చదువు నేర్చుకోవాలి గానీ అందులో కలిసిపోకూడదంటాడట. తన జనం పాటలోనూ డప్పులోనూ ఆలోచన ఉందనీ, రేపటి లోకానికి ప్రతి జాతీ తనదంటూ ఏదో ఒకటి ఇవ్వాలనీ అంటాడట.

రత్నావతి చెయ్యి ఆగింది. ఆ మాటలెవరో తన గురించే అన్నట్టుంది. సుంగై పెటాని రబ్బరు తోట నుంచి పెళ్లయి వచ్చిన కొత్తలో ఆమె తోట యాసలో నోరు తెరిస్తే అత్తగారు నవ్వేది, "గుమాస్తాగారి కోడలికి కూలీ లైన్ల మాటలా?" అని. వెంకటరావు నవ్వలేదు. "పదిమందిలో ఇక్కడి అందరిలా తమిళం మాట్లాడు, లేకపోతే ఊరుకో," అన్నాడు నెమ్మదిగా. ఆమె ఊరుకోవడం నేర్చుకుంది. కమ్యూనిస్టుల తిరుగుబాటు నాటి ఎమర్జెన్సీలో తోట చుట్టూ ముళ్లకంచె వేశాక, కర్ఫ్యూలతో అక్కడే ఉన్న తల్లి రాకా తగ్గిపోయింది. ఆమె పేరు చిన్నమ్మ. కూతురు పుష్పవల్లికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

ఆంక్షలు సడలాక ఇన్నాళ్లకి చిన్నమ్మ వచ్చింది.

"సభలో మీ అమ్మని వంటవైపు కూర్చోబెట్టు. గట్టిగా మాట్లాడుతుంది. పెద్దవాళ్లు వస్తారు," అన్నాడు వెంకటరావు.

"మీ ఆఫ్రికా ఆయన వాళ్లమ్మని ఎక్కడ కూర్చోబెడతాడండీ?"

"అది రాజకీయం, రత్నం. ఇది ఇల్లు."

సభనాడు రత్నావతి గారెల గిన్నె వంటవాళ్లకి అప్పగించి, తల్లి చెయ్యి పట్టుకుని మొదటి వరుసలో కూర్చుంది. ఉపన్యాసం సగంలో ఉండగా చిన్నమ్మ అందరికీ వినబడేలా అడిగింది.

"అల్లుడు ఏటి సెప్తన్నాడే?"

వెంకటరావు ఆగిపోయాడు. తలలు ఇటు తిరిగాయి. రత్నావతికి చెవులు వేడెక్కాయి. గొంతు తగ్గించబోయింది గానీ తగ్గించలేదు.

"మన మాటకి మనం సిగ్గుపడితే, దొర ఎల్లిపోయినా మనింట్లోనే ఉంటాడని సెప్తన్నాడమ్మా."

"బాగా సెప్పినాడు," అంది చిన్నమ్మ.

"అవును లా," అన్నాడు వెనక నుంచి ఎవరో ముసలాయన, మాట చివర మలయా వాళ్ల 'లా' తగిలించి. వెంకటరావు కాయితాలు సర్దుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

ఇంటిదారి పట్టాక వెంకటరావు అడిగాడు. "అందరి ముందూ ఆ భాషేమిటి?"

"మీరు సెప్పిందే సెప్పినాను," అంది రత్నావతి. అమ్మమ్మ వేలు పట్టుకుని ముందు నడుస్తున్న పుష్పవల్లిని చూస్తూ, "అమ్మ ఇంక తోటకి ఎల్లదు. పిల్లకి మన మాటలు నేర్పాలి," అంది.