పునీత వెరాన్ గుడి వంకర

ఫుల్క్ గారి గొంతు వింటేనే ఒదిలిన్‌కి ఒళ్ళు మండేది. ఆయన కెథడ్రల్‌లో, అంటే బిషప్ గారి పెద్ద గుడిలో, పూజలు చేసే గురువులందరికీ పెద్ద. నోరు తెరిస్తే లాటిన్ తప్ప ఇంకోటి రాదన్నట్టు ఉంటాడు. పంక్తిలో మాత్రం బాతుమాంసం ఇంకో ముక్క వేయమని ఊరి భాషలోనే అడుగుతాడు. అలాంటివాడి చేతికి గుడి పని అప్పజెప్పిన బిషప్ గారి తెలివిని ఏమనాలి? ఒదిలిన్ తుపుక్కున ఉమ్మేసి తన దారిన తాను పోయేది.

ఆవిడ భర్త గోస్లిన్ మేస్త్రీ. గుడి తూర్పు సగం ఆయన కట్టిందే. బలిపీఠం, గురువులు కూర్చుని పాడే చోటు, వాటి మీద మెడ నొప్పెట్టేంత ఎత్తున కలుసుకునే కమాన్లు, అన్నీ ఆయన చేతి కిందే లేచాయి. ఆయన పోయాక ఊరివాళ్ళు బలిపీఠం ముందే పాతిపెట్టి, సమాధి రాయి మీద మేస్త్రీలు వాడే మూలమట్టం బొమ్మ చెక్కించారు. ఒదిలిన్ రోజూ పొద్దున్నే వెళ్ళి తలగుడ్డతో ఆ రాయి తుడిచి, ఆయనతో కాసేపు మాట్లాడి వచ్చేది. పిల్లాజెల్లా లేని మనిషికి లోకంలో మిగిలింది ఆ రాయొక్కటే.

ఆ ఊళ్ళో గుడికి పునాది తవ్వాలంటే ఊరిని కాచే పునీత వెరాన్ పండుగనాడు పొద్దు పొడిచే దిక్కుకు తాడు లాగాలి. బిషప్ గారు దీవించాక ఆ తాడు వెంబడే తవ్వుతారు. గోస్లిన్ అలాగే లాగాడు. పడమటి సగానికి ఫుల్క్ గారూ అలాగే లాగించారు. కాకపోతే పునీత వెరాన్‌కి పండుగలు రెండు. ద్రాక్షకోతల మొదట్లో ఆయన ప్రాణం విడిచిన పండుగ, కోతలు ముగిశాక ఆయన ఎముకలు ఊరికి చేరిన పండుగ. గోస్లిన్ తాడు లాగింది మొదటి పండుగకి. పడమటి సగం మొదలెట్టిన ఏడు ఆ పండుగనాడు ఫుల్క్ గారు, ముందురోజు తాగిన సారా పుణ్యమా అని, మంచం దిగలేదు.

"పునీతుడు ఒక్కడేగా, ఏ పండుగైతే ఏముంది?" అని రెండోదానికి లాగించారు.

ఈలోగా సూర్యుడు తన మానాన తాను దక్షిణానికి జరిగిపోయాడని అంత చదువు చదివిన గురువుల్లో ఒక్కడికీ తట్టలేదు. పూజలు ఆగకూడదని మధ్యలో పాత గుడిని అలాగే ఉంచారు. అది అడ్డంగా ఉండడంతో ఆ చివర నుంచి ఈ చివరకు చూసినవాడు లేడు.

కొత్త గోడలన్నీ లేచాక పాత గుడిని కూల్చారు. దుమ్ము అణిగింది. పడమటి వాకిట్లో నిలబడ్డ జనం లోపలికి చూశారు. పడమటి సగంలో కట్టిన నడవ ఒక దిక్కుకు పోతోంది, బలిపీఠం ఇంకో దిక్కుకు చూస్తోంది. మెడ పట్టేసిన మనిషిలా ఉంది గుడి.

"ఓరి దేవుడా, వంకరగా ఏడిసిందే!" అన్నాడు రొట్టెలు కాల్చే ఆన్సో.

ఫుల్క్ గారి మొహం కందగడ్డయింది. అంతలోనే తేరుకున్నాడు.

"తప్పంతా గోస్లిన్‌ది. తూర్పు సగమే వంకర. ఆదివారం ప్రసంగంలో అందరికీ చెబుతాను. అలాంటివాడి సమాధి బలిపీఠం ముందు ఉండడానికి వీల్లేదు. పెకలించి గోడవతల పడేయండి!"

కబురు అందగానే ఒదిలిన్ పరుగున వచ్చింది. అప్పటికే ఇద్దరు కూలీలు గునపాలతో నిలబడి ఉన్నారు. ఆవిడ వెళ్ళి రాయి మీద చతికిలబడింది.

"ఫాదర్ గారూ, ఏ పండుగనాడు తాడు లాగించారో ఊరందరికీ తెలుసు!"

"ఊరికి తెలిసేది నేను చెప్పేదేనమ్మా. బిషప్ గారు నా మాట నమ్ముతారా, మేస్త్రీ పెళ్ళాం మాట నమ్ముతారా?"

నిజమే. ఈ దద్దమ్మకి సూర్యుడు తెలియకపోయినా తన చర్మం కాపాడుకోవడం తెలుసు. ఒదిలిన్ తలెత్తి చూస్తే బలిపీఠం మీద సిలువ కనిపించింది, దాని మీద కుడివైపుకు వాలిన ప్రభువు తల కనిపించింది.

"సరే, తవ్వించండి," అంది నెమ్మదిగా. "కానీ గుడంటే సిలువ ఆకారమే కదండీ. బలిపీఠం తలే కదా. ప్రాణం విడిచినప్పుడు ప్రభువు తల ఎటు వాలింది? తాను తల వాల్చి కట్టినట్టు తక్కిన ఒళ్ళు కట్టేవాళ్ళకి అర్థమవుతుందో లేదోనని మా ఆయన పోయేముందు ఒకటే బెంగపెట్టుకున్నాడు. మీకు అర్థమయ్యేగా అలా లాగించారు? లేకపోతే మీరేంటి, పండుగ తప్పడమేంటి!"

ఫుల్క్ గారు గునపాలు దించమని కూలీలకి సైగ చేశారు.

"అవును... అర్థమయ్యే లాగించాను," అన్నాడు.

ఆదివారం ఆయన వేదికెక్కి వలవలా ఏడ్చాడు. ప్రభువే కలలో కనిపించి తల ఎటు వాల్చాలో చూపించాడట. గోస్లిన్ కూడా ఏదో చేతనైన సాయం చేశాడట. జనం గుండెలు బాదుకున్నారు. అందరికన్నా గట్టిగా బాదుకున్నది ఆన్సోనే. ఒదిలిన్ ఇంటికొచ్చి, తలుపేసుకుని, డొక్కలు నొప్పెట్టేదాకా నవ్వింది. గొర్రెల మంద! ఏది వేస్తే అది మేస్తారు. పోతే పోనీ, రాయి దక్కింది.

ఆ తర్వాత దూరప్రాంతాల నుంచి యాత్రికులు రావడం మొదలైంది. నడవలో అందరూ తలలు కుడివైపుకు వాల్చి మోకరిల్లేవారు. వాళ్ళకోసమని ఫుల్క్ గారు గోస్లిన్ రాయి మీద, మూలమట్టం పక్కనే, వాలిన తల ఒకటి చెక్కించారు.

ఒకరోజు పొరుగూరి మేస్త్రీ వచ్చి ఆ రాయి దగ్గరే ఒదిలిన్‌ని పట్టుకున్నాడు.

"పెద్దమ్మా, మేమూ గుడి మొదలెడుతున్నాం. మీ దానికన్నా కాస్త ఎక్కువే వంచమన్నారు మా బిషప్ గారు. గోస్లిన్ గారు ఎలా వంచారో కాస్త చెబుదురూ."

"వంచాడా? మా ఆయనా?"

ఆవిడకి నవ్వు రాలేదు. అతని చెయ్యి పట్టుకుని బరబరా బలిపీఠం దాకా ఈడ్చుకెళ్ళింది.

"ఇక్కడ నిలబడి ఈ తూర్పు సగం స్తంభాల వరస చూడు. వెంట్రుకవాసి తేడా ఉందేమో చూడు! మా ఆయన జన్మలో వంకర గీత గీయలేదు. వంకర ఆ తాగుబోతుది. తల వాలిన కథ నేనల్లాను. ఈ రాయి కోసం నేనే అల్లాను, విన్నావా?"

ఆ మేస్త్రీ స్తంభాల వైపు కన్నెత్తి చూడలేదు. టోపీ తీసేశాడు. కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఎంత వినయం పెద్దమ్మా! ఫుల్క్ గారు ముందే చెప్పారు. గర్వం వస్తుందని భయపడి ఆవిడ అంతా అబద్ధమంటుంది, అదే ఆవిడ గొప్పతనం అన్నారు."

అతను తల కుడివైపుకు వాల్చి, రాయి మీది వాలిన తలను ముద్దుపెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఒదిలిన్ రాయి పక్కన కూలబడింది. తలగుడ్డ విప్పి ఆ బొమ్మను తుడవసాగింది.

"ఇన్నాళ్ళూ వాళ్ళనే తిట్టాను గోస్లిన్," అంది ఏడుస్తూ. "గొర్రెలకి మేత వేసింది నేనేనయ్యా. నిన్ను వంకర చేసింది నేనే."

వెనక యాత్రికురాలొకతె ఆవిడను చూసి, తన దగ్గరున్న గుడ్డ తీసి, పక్కన కూర్చుని తానూ భక్తిగా తుడవడం మొదలుపెట్టింది.