అందరూ మాట్లాడేదాకా

చిక్కమునియప్పను పైకి తీసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. యలహంకలోని ఆ అపార్టుమెంటులో మూడిళ్లకు వంట చేస్తాను నేను. పేరు సారమ్మ. పని ముగించుకుని కింద పార్కింగులోంచి పోతుంటే మురుగు ట్యాంకు దగ్గర జనం గుమిగూడి కనబడ్డారు. అన్ని ఫ్లాట్ల కక్కసునీళ్లూ చేరేది ఆ ట్యాంకులోకే. ఫైరింజను వాళ్లు తాడు లాగుతుంటే ముందు చెయ్యి వచ్చింది, తర్వాత తల. మెట్లు ఊడుస్తున్న ఆయన భార్య చెన్నమ్మ చీపురుతోనే పరిగెత్తుకొచ్చింది. కొంగుతో మొగుడి ముఖం తుడవబోయింది. ముట్టుకోవద్దు, పోలీసులు రావాలి అన్నాడు సూపర్‌వైజరు. ఆమె చెయ్యి అట్లాగే గాల్లో ఆగిపోయింది. ఆ చెయ్యిని నేను ఈ జన్మలో మరిచిపోలేను.

సాయంత్రానికల్లా, ఆ ఇద్దరినీ పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు మాట తయారైపోయింది. మనిషి తాగి ఉన్నాడు, కాలు జారి పడ్డాడు, అంతే. ఊడ్చేవాళ్లూ తోటవాళ్లూ వాచ్‌మన్లూ ఎవరడిగినా ఇదే చెప్పాలి, లేకపోతే రేపటి నుంచి గేటు లోపలికి రానక్కర్లేదు. మేము వంటవాళ్లం అతని కింద లేము గానీ, మా మేడమ్ కూడా మెల్లగా అంది, మనకెందుకు సారమ్మా అని. ఆయన తాగడండీ బాబూ. మా ఆయన తాగుతాడు. తాగినవాడి వాసన నాకు తెలియదా? చిక్కమునియప్ప దగ్గర ట్యాంకు వాసన తప్ప ఇంకో వాసన లేదు.

నిజం తెలిసినవాడు ఒక్కడే. ఆ పూట కింద డ్యూటీలో ఉన్న వాచ్‌మన్ చెన్నరాయప్ప. అతను నోరు కుట్టేసుకున్నాడు.

మొదటి మీటింగు యూనియన్ వాళ్లు పెట్టించారు. శశిధర్ అనే అబ్బాయి వచ్చాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తూ ఆదివారాలు కార్మికుల కోసం తిరిగే మంచి పిల్లాడు. అపార్టుమెంటు పక్కనున్న ఖాళీ సైటులో షామియానా వేసి, కుర్చీలు వేసి, మైకు పెట్టి, పెట్టుబడి గురించీ ప్రభుత్వం గురించీ గంటసేపు దంచాడు. చివర్లో ఎవరైనా మాట్లాడతారా అనడిగాడు. ఎవరు మాట్లాడతారు? ముందు వరసంతా మగవాళ్లది, వెనక వరస ఆడవాళ్లది. చెన్నమ్మ అయితే కుర్చీ కూడా లేకుండా షామియానా గుంజ దగ్గర నిలబడింది. ఆమె కోసమే పెట్టిన మీటింగు అది. ఇంతలో ఎవరో చెన్నరాయప్పను చూశారు. ట్యాంకు మూత తీసింది నువ్వే కదరా అని ఒకడు, ఎంత తిన్నావని ఇంకొకడు. అందరూ మీద పడ్డారు. అతను తలవంచుకుని వెళ్లిపోయాడు.

జనంలో చైతన్యం లేదక్కా అన్నాడు శశిధర్, మైకు వైరు చుట్టుకుంటూ. నాకు ఒళ్లు మండింది. చైతన్యం లేకేం నాయనా, మాట్లాడే సందు నువ్విస్తే కదా అన్నాను.

ఊడ్చేవాళ్లలో పెద్దది మారెమ్మ. వాళ్ల తాతలనాడే ఈ ఊరొచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆమె నిదానంగా లేచి షామియానా కింద నిలబడింది.

"ఆ మైకు మళ్లీ తేవద్దప్పా. మైకు ఉంటే ఒగడే మాట్లాడతాడు. కుర్చీలూ వద్దు. అందరమూ కిందనే కూర్చుందాం, గుండ్రంగా. ముందరా వెనకా ఉండకూడదు."

అట్లా మొదలైంది మా ఆదివారం మీటింగు. నడిపే మనిషి వారానికొకరు మారాలి. ఎప్పుడూ నోరు తెరవనివాళ్లకే మొదటి వంతు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డం రాకూడదు. మాట్లాడ బుద్ధి కాకపోతే ఈ రోజు వింటాను అంటే చాలు, ఎందుకని ఎవరూ అడగరు. వంతు అందరికీ వచ్చేదాకా ఎవరూ లేవకూడదు. చంటిపిల్లలున్నవాళ్లకు నీడ. కన్నడం వాళ్లకు కన్నడంలో, హిందీ వాళ్లకు హిందీలో పక్కనున్నవాళ్లు చెప్పాలి. ఆలస్యమవుతుందని మొదట్లో నేనే సణిగాను. మా వంటలు ఎవరు చేస్తారమ్మా అని.

అన్నీ సాఫీగా జరిగాయని చెబితే అబద్ధం. రెండో వారం చెన్నమ్మ ఫ్లాస్కు నిండా టీ పెట్టుకొచ్చింది. వంటవాళ్లు కొందరు ఇప్పుడే తాగామన్నారు, కొందరు సంచీలోంచి సొంత సీసా తీశారు. మా చర్చిలో అందరం దేవుని బిడ్డలమే. ఫ్లాస్కు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరి సీసా వాళ్లది. చెన్నమ్మ ఏమీ అనలేదు. మూత బిగించి ఫ్లాస్కు వెనక్కి పెట్టుకుంది. అప్పుడు శశిధర్ తన వంతులో, ఈ టీ చల్లారేలోపు తాగితే గానీ నాకు మాట రాదు అన్నాడు. గ్లాసు చాపాడు. నేనూ చాపాను. నాలుగు వారాలు పట్టింది అన్ని గ్లాసులూ ముందుకు రావడానికి.

చెన్నమ్మ నడిపే ఆదివారం వచ్చింది. మేమంతా కూర్చున్నాక గోడ పక్కన చెన్నరాయప్ప కనబడ్డాడు. లోపలికి రాడు, పోడు. చెన్నమ్మ లేచింది.

వాడు కూర్చుంటే నేను లేచిపోతా అన్నాను. అన్నానంటే అన్నాను, ఇప్పుడు కూడా సిగ్గుపడను. మనిషి చచ్చాడు, వీడు మూత తీశాడు.

"లేస్తే లే, సారమ్మక్కా," అంది చెన్నమ్మ. "ఆయన్న మాత్రం కూర్చోవల్ల."

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కనే కూర్చోబెట్టుకుంది. నేను లేవలేదు.

వంతు అతని దగ్గరికొచ్చింది. ఈ రోజు వింటాను అన్నాడు. సరే అంది చెన్నమ్మ. అందరి వంతులూ అయ్యాక మళ్లీ అతనివైపు తిరిగింది. చెప్పేది ఉంటే చెప్పన్నా, లేకపోతే లేదు, వచ్చే ఆదివారం కూడా నీకు ఇదే చోటు అంది. బెదిరింపు లేదు, బతిమాలడం లేదు. అప్పుడు అతను ఏడ్చాడు. అంత పెద్ద మనిషి, ఖాకీ చొక్కా వేసుకుని, చిన్నపిల్లాడిలా.

ట్యాంకులో మోటారుకు చెత్త అడ్డుపడిందట. పైన క్లబ్‌హౌసులో ఏదో ఫంక్షను, వాసన వస్తోందని ఫ్లాట్లవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. దిగి తియ్యమని కాంట్రాక్టరు ఆర్డరు. గాలి ఆడదు, దిగనని చిక్కమునియప్ప అన్నాడట, ఒకసారి కాదు, రెండుసార్లు.

"దిగకపోతే రేపట్నుంచి రావద్దంట అని నేనే చెప్పినాను అక్కా. వాళ్లు ఫోన్లో అన్నది నా నోటితో చెప్పినాను. మూత తీసినాను. రాయప్పా, పైనుంచి మాట్లాడతా ఉండు, నువ్వుండావని నాకు తెలుస్తాది అన్నాడు. మాట్లాడతానే ఉండాను. ఇంతలో సూపర్‌వైజరు ఫోను. దిగినాడా అంటే దిగినాడు సార్ అని చెప్తా అటు తిరిగినాను. ఇటు తిరిగేతలికి ఆయప్ప లేడు."

చెన్నమ్మ ఒకే ఒక్క మాట అడిగింది.

"నన్ను పిలిచినాడా?"

"తెలీదక్కా. నేను ఫోన్లో ఉండాను."

ఆమె తలూపింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇంకెవరైనా మాట్లాడేది ఉండాదా అని మమ్మల్ని అడిగింది. ఆ రోజు మీటింగు ముగించింది ఆమే.

మర్నాడు పొద్దున్నే అందరం కలిసి పోలీసు స్టేషనుకు పోయాం. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి చెన్నరాయప్ప లోపలికెళ్లాడు. గంట తర్వాత కాంట్రాక్టరు కారులో దిగాడు. అతనికి కుర్చీ వేశారు, కాఫీ తెప్పించారు. మూత తీసింది నేనేనని ఒప్పుకున్నాడు కాబట్టి నిర్లక్ష్యం కేసు చెన్నరాయప్ప మీదే అని చెప్పారు పోలీసులు. అతన్ని లాకప్పులో వేశారు. దిగమన్నవాడు కాఫీ తాగి వెళ్లిపోయాడు. నిజం చెబితే ఇదా ఫలితం అన్నాడు శశిధర్. మారెమ్మ మాత్రం ఫుట్‌పాత్ మీద చతికిలబడి కొంగు సర్దుకుంది.

"వారం దాకా ఎందుకు? మీటింగు ఈడనే పెడదాం."

స్టేషను ముందే గుండ్రంగా కూర్చున్నాం. చెన్నమ్మ పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలిపెట్టాం. తెల్లవారుజామునే వీధులు ఊడ్చి ఇళ్లకు పోతున్న కార్పొరేషన్ ఆడవాళ్లు ఆగారు, ఏమైందని అడిగారు, చీపుర్లు పక్కన పెట్టి కూర్చున్నారు. ఆటోవాళ్లు కూర్చున్నారు. గార్మెంటు ఫ్యాక్టరీకి పోయే పిల్లలు బస్సు వదిలేసి కూర్చున్నారు. మా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, పొయ్యి వెలిగించలేదేమని. ఒక్కరం ఎత్తలేదు. గుండ్రం పెద్దదై రోడ్డు మీదికి వచ్చేసింది.

ఇన్‌స్పెక్టరు బయటికొచ్చి మీ లీడరెవరు అన్నాడు. శశిధర్ నోరు తెరవబోయి, మూసుకుని, కిందికి చూశాడు. లీడరు లేరు సార్ అంది మారెమ్మ. ఒక కానిస్టేబులు చెన్నమ్మ పక్కనున్న ఖాళీలో అడుగు పెట్టబోతే అది చెన్నరాయప్పది, పక్కనుంచి పో అన్నారు ఆడవాళ్లు.

మొదటి వంతు ఒక గార్మెంటు పిల్లకిచ్చాం. తన పేరు చెప్పి, మా ఫ్యాక్టరీలో కూడా ఇట్లాగే ఒకాయన పోయాడు అని ఆగిపోయింది. రెండో వంతు చెన్నమ్మది. భర్త పోయిన రోజు నుంచి ఆయన పేరు నోటితో పలకలేదు ఆమె.

"మా ఆయన పేరు చిక్కమునియప్ప. తాగి పడలేదు. దిగనన్నాడు. దించినారు. దిగమన్నోడు కారులో పోయినాడు, నిజం చెప్పినోడు లోపల ఉండాడు."

చాలు, లేవండి అన్నాడు ఇన్‌స్పెక్టరు. వెనక లాఠీలు వరస కట్టాయి. కొందరు పిల్లల్ని ఒళ్లోకి లాక్కున్నారు. చెన్నమ్మ కూర్చున్న చోటి నుంచే తలెత్తింది.

"ఇంకా ఇద్దరే మాట్లాడినారు సార్. అందరూ మాట్లాడేదాకా లేచేది లేదు."

మూడో వంతు నాది. లోపలున్న ఆ మనిషి మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు, అబద్ధమెందుకు. మొదటి లాఠీ నా పక్కనున్నామె వీపు మీద పడింది. ఆమె లేవలేదు. నేను కూర్చునే, చెన్నరాయప్పను మాకిచ్చెయ్యండి అని మొదలుపెట్టాను.