నేలకు తాపిన నీళ్ళు

కాలనీ బోరులో నింపుకున్న ట్యాంకరు కాలనీలో ఆగకుండానే పోయింది. ఖాళీ బిందెలతో వెంటపడ్డ ఆడవాళ్ళ మొహాన దుమ్ము కొట్టి, తనకల్లు రోడ్డు పక్కన కంచె వేసిన స్థలంలోకి తిరిగింది. అక్కడ పైపు పట్టుకుని నిలబడ్డ దాదాబీ అంతా చూసి తల దించుకుంది. పొద్దున పనికి రాకపోతే రాత్రికి పొయ్యి వెలగని మనిషి, ఏం చేస్తుంది మరి?

బెంగుళూరు ఆసామి ఒకాయన ఫ్యాక్టరీలో తయారైన ఇల్లు ఇక్కడ పెట్టించుకుంటున్నాడు. గోడలూ కప్పూ అమర్చిన ఇల్లు లారీ మీద వస్తుందట, క్రేను దించుతుందట. కింద నేల మాత్రం కుంగకూడదు. అందుకే గరుసు మట్టి పరచడం, తడపడం, రోలరు తోలడం, మళ్ళీ తడపడం. ఆయన వచ్చి ఉండేది ఎప్పుడో సెలవుల్లో. ఆ సరదాకి ఊరి గొంతులు ఎండాలి!

"ఇంగా తాపు దాదాబీ!" కాంట్రాక్టరు ముత్యాలప్ప గొడుగు కింద నుంచి అరిచాడు. "నేల కడుపునిండా తాగల్ల. మద్దేనానికి ఇల్లు వస్తాండాది."

తాపడమట! తాపేది బిడ్డలకు, గొడ్లకు. అనుకుంటూనే దాదాబీ గరుసు తడిపింది.

అంతలో కాలనీ ఆడవాళ్ళు కంచె తోసుకుని వచ్చేశారు. ముందు ఈశ్వరి, పక్కనే దాదాబీ కూతురు నజ్మా.

"ఏమప్పా, మా నీళ్ళు మట్టిలో పోస్తాండావా?" అంది ఈశ్వరి.

"పంచాయతీ పర్మిషను ఉండాది. యాడన్నా చెప్పుకోపో! దాదాబీ, పైపు తిప్పి వీళ్ళ మొగాన కొట్టు. ల్యాకుంటే రేపట్నుంచి నీకు పని ల్యాదు."

దాదాబీ పైపు తిప్పింది, ఈశ్వరి బిందెలోకి.

"ఏం చేస్తాండావే?"

"నువ్వే గదన్నా తాపమంటివి. తాపుతాండా."

రోలరు ఆపి మారెప్ప కిందికి దిగాడు. కూలీలంతా గంపలు బోర్లించి కూర్చున్నారు.

"మా ఇండ్లల్లోనూ చుక్క ల్యాదు. కాలనీకి నీళ్ళు వదిలినంకనే పని," అన్నాడు మారెప్ప.

మధ్యాహ్నం లారీ మీద ఇల్లు రానే వచ్చింది. రోలరు తిరగక మెత్తగా ఉండిపోయిన నేలను కాలితో నొక్కి చూసిన క్రేను డ్రైవరు, ఈడ దించితే ఒరిగిపోతాదన్నాడు. ముత్యాలప్ప ఫోను తీశాడు. పేదవాళ్ళు బిందె పట్టుకుంటే పోలీసులు ఎంత తొందరగా వస్తారో!

"పైపు తిప్పిందెవరు?" అన్నాడు ఎస్సై.

"నేనే సార్. ఇంగా బిందెలుండాయి, రోంతసేపు ఆగు."

అతను రెక్క పట్టి లాగాడు. నజ్మా గొల్లుమంది.

"ఏడుస్తావేమే? బిందె పట్టు!" అని కసిరింది దాదాబీ.

ఆమె చేతిలోంచి పైపు జారింది. అది కింద పడకముందే ఈశ్వరి అందుకుంది.

"రేపు స్టేషను కాడికి వస్తాండాం దాదాబక్కా! అందరమూ, బిందెలతోనే!"

జీపు కదిలింది. దాదాబీ వెనక్కి తిరిగి చూసింది. ఆసామి ఇల్లు దిగే చోటు లేక లారీ మీదే ఎండుతోంది. బిందెల వరస రోడ్డు దాకా వచ్చింది. ఈసారి నేల ఒక్క చుక్క కూడా తాగలేదు.