వెనకద్దం మీది స్టిక్కరు

లోవెల్ పికప్ బండి వెనకద్దాన్ని మళ్లీ తుడిచాడు. యూనివర్సిటీ స్టిక్కరున్న చోట గుడ్డ మెల్లగా నడిపాడు. అమెరికాలోని ఇండియానాలో ఏళ్ల తరబడి స్కూలు బస్సు తోలుతున్న మనిషి. అరచేతులు కాయలు కాశాయి, వంగితే నడుము లేవదు. కూతురు హ్యాడ్లీకి ఆ యూనివర్సిటీలో సీటొచ్చిందని తెలిసిన రోజే, పిల్ల ఏ కాలేజీయో తేల్చుకోకముందే, ఊరంతా చూడాలని స్టిక్కరు తెచ్చి అంటించేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

హ్యాడ్లీకి పురుగులంటే పిచ్చి. వాటి మీదే డాక్టరేటు చేస్తుందట. అందుకు డిగ్రీలోనే లాబులో పని చేసి ఉండాలి, ప్రొఫెసరెవరైనా తనని ఎరిగి సిఫార్సు రాయాలి. ఒక చిన్న కాలేజీ వాళ్లు మొదటి ఏడే లాబులోకి రమ్మన్నారు. ఆ కాలేజీ పేరు ఊళ్లో ఎవరూ వినలేదు.

శనివారం ఇద్దరూ యూనివర్సిటీ చూడ్డానికి వెళ్లారు. వచ్చినవాళ్ల వైపు తిరిగి వెనక్కి నడుస్తూ అక్కడే చదివే ఒక కుర్రాడు ఈతకొలను చూపించాడు, ఎక్కి ఆడుకునే ఉత్తుత్తి కొండ చూపించాడు, ఐస్‌క్రీం మిషన్ల వరస చూపించాడు. తల్లిదండ్రులు నోళ్లు వెళ్లబెట్టి ఫొటోలు తీసుకుంటున్నారు. ఇది బడా, తిరనాళ్లా, అనుకున్నాడు లోవెల్.

"లాబులో మమ్మల్నెప్పుడు రానిస్తారు?" హ్యాడ్లీ అడిగింది.

"అవి పై చదువుల వాళ్లవి. అదృష్టముంటే ఆఖరి ఏడు."

"ప్రొఫెసర్లకి మన పేర్లు తెలుస్తాయా?"

"మా క్లాసులో ఐదొందలమందిమి!" ఘనకార్యంలా నవ్వాడు కుర్రాడు.

తిరుగుదారిలో హ్యాడ్లీ యూనివర్సిటీ వాళ్లిచ్చిన కాగితాలు మడిచి సీటు కింద పడేసింది.

"నచ్చలేదని చెప్పవేమే?"

"నువ్వు ఊరంతా చెప్పేశావుగా నాన్నా. స్టిక్కరు కూడా అంటించావ్."

లోవెల్‌కి తన మీద తనకే రోత పుట్టింది. ఇంటికి రాగానే బ్లేడు తీసుకుని గీకడం మొదలుపెట్టాడు.

పక్కింటి రస్ కంచె మీంచి తొంగి చూశాడు. "ఏంటి లోవెల్, అప్పుడే గెంటేశారా?"

"ఐస్‌క్రీం మనూళ్లోనూ దొరుకుతుందిలేవోయ్, దానికోసం పిల్లని పంపక్కర్లేదు."

ఆగస్టులో చిన్న కాలేజీలో పెట్టెలు దించాడు. "ఇంక నువ్వెళ్లు నాన్నా, నాకు లాబు చూపిస్తారట" అంటూ హ్యాడ్లీ గబగబా వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

లోవెల్ బండి ఎక్కాడు. వచ్చేటప్పుడు పెట్టెలు అడ్డుండి కనిపించలేదు. ఇప్పుడు వెనకద్దం మీద, ఎంత గీకినా పోని స్టిక్కరు జిగురు, దుమ్ము పట్టి నల్లగా.