జవాబు రాసినవాళ్ళు

కళ్ళజోడని అందరూ పిలిచే కుర్రాడు చేసిన తప్పల్లా బాగా రాయడమే.

మేనేజరు అతన్ని గది మధ్యలో నిలబెట్టి కడిగేశాడు. "నీ పేజీలవైపు ఒక్కడూ తొంగి చూట్టంలేదయ్యా! రేపట్నుంచి రాకు." అరిచీ అరిచీ కుర్చీలో కూలబడి, పట్టేసిన నడుముకి ఏం చెయ్యాలో ఫోనులో, ఏదడిగినా జవాబు చెప్పే యంత్రాన్ని అడిగాడు. అది తియ్యగా చదివి వినిపించింది. ఆ వాక్యాలు కళ్ళజోడువే, అక్షరం పొల్లుపోలేదు. గదిలో అందరూ విన్నారు.

దుకాణాలకీ ఆసుపత్రులకీ పేజీలు రాయడం వాళ్ళ పని. ఎవరేం వెతికినా ఆ పేజీలే ముందు కనపడాలి. ఇదివరకు అసలు సంగతి అట్టడుగున పెట్టేవాళ్ళు, చదివేవాడు కిందిదాకా రావాలిగా మరి! ఇప్పుడు జనం యంత్రాన్నే అడుగుతున్నారు. అందుకని మేనేజరు పద్ధతి తిరగేయించాడు. పైన ప్రశ్న, వెంటనే రెండు ముక్కల్లో జవాబు. యంత్రం దాన్ని ఎత్తుకుని మన పేరు చెప్పాలని అతని లెక్క. ఎత్తుకుంది, పేరు చెప్పలేదు. జవాబు దొరికాక పేజీకి వచ్చేదెవరు? వీళ్ళు కూర్చున్న కొమ్మను వీళ్ళచేతే నరికించాడు.

అందరికన్నా పాత మనిషి, అందరూ అక్కా అని పిలిచే ఆవిడ, గదివాళ్ళని మెట్ల మీద కూర్చోబెట్టింది.

"పని ఆపేద్దాం" అన్నాడు బక్కోడు.

"ఆపితే ఎవడికి తెలుస్తుందిరా? రాసిందంతా అది ఎప్పుడో మింగేసింది" అందొకామె.

"అయితే నోరు మూసుకు పడుందామా? ఇవాళ కళ్ళజోడు, రేపు నువ్వు!"

"మనకొచ్చిన విద్యే వాడదాం, వాణ్ణి మళ్ళీ పన్లోకి తీసుకునేదాకా" అంది అక్క.

ఆ సాయంత్రం ప్రతి పేజీ నెత్తినా ప్రశ్న పెట్టారు: ఈ జవాబులు ఎవరు రాశారు? కింద జవాబు: కూలికి మేం రాశాం, బాగా రాసినందుకు మాలో ఒకణ్ణి గెంటేశారు. యంత్రం మిగతావన్నీ ఎత్తుకుంది, ఆ ఒక్కటీ వదిలేసింది. మేనేజరు మాత్రం వదల్లేదు. పేజీలు తుడిపించి, అందర్నీ పనిలోంచి తీసేసి, పోలీసుల్ని పిలిచాడు.

గదివాళ్ళు మెట్ల మీంచి కదల్లేదు. వాళ్ళ బదులు పనిచెయ్యడానికి కొత్తవాళ్ళు వచ్చారు.

"ఎక్కకండమ్మా, మా పొట్ట కొట్టకండి" అంది అక్క.

"ఇక్కడ పనివాళ్ళు సంతోషంగా ఉంటారని యంత్రం చెప్పిందండీ" అంది ముందున్న అమ్మాయి.

కంపెనీ గొప్పలు రాయమని మేనేజరు దగ్గరుండి రాయించిన ముక్క అది.

"అది మాచేత రాయించిన అబద్ధం తల్లీ" అంది అక్క.

"అయ్యుండచ్చు. పన్లో చేరలేదని ఇంట్లో ఏం చెప్పమంటారు?"

కొత్తవాళ్ళు తలలు దించుకుని, మనుషుల మధ్యనుంచి అడుగులేసుకుంటూ పైకి వెళ్ళారు.

పోలీసు అక్క రెక్క పట్టుకుని లాగాడు. మిగతావాళ్ళు ఎవరూ పిలవకుండానే ఆవిడ వెనకాల వ్యానెక్కారు. కళ్ళజోడు ఏడుస్తున్నాడు. పైగదిలో కుర్చీలు జరుపుకుంటున్న చప్పుడు వ్యానుదాకా వినిపిస్తోంది.

"వాళ్ళనీ గెంటేస్తారు" అన్నాడు బక్కోడు కసిగా.

"గెంటేస్తారు" అంది అక్క. "ఆ రోజు మెట్ల దగ్గర వాళ్ళకి తోడుగా మనం ఉండాలి."